దమ్ము ఎక్కడి నుంచి వస్తుంది? గోదావరి పిల్లల ఆట, పెద్దల తొందర

అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి, అతని ముంబై జోడీ చిరాగ్ శెట్టి 2025 సెప్టెంబర్‌లో వరసగా రెండు ఆదివారాలు రెండు పెద్ద ఫైనల్స్ ఆడారు. 14న హాంకాంగ్ ఓపెన్‌లో చైనా జోడీ చేతిలో, 21న చైనా మాస్టర్స్‌లో కొరియా జోడీ చేతిలో ఓడిపోయారు. అంతకు కొద్ది రోజుల ముందే పారిస్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కాంస్యం గెలిచారు. నెల తిరగకుండా ఒక ప్రపంచ పతకం, రెండు ఫైనల్స్. మామూలుగా అయితే ఊరంతా మిఠాయిలు పంచుకోవాలి. కానీ ఎక్కువగా వినిపించింది పాత మాటే: "టాలెంట్ ఉంది, ఫైనల్‌లో నిలబడే దమ్ము లేదు."

ఈ మాట సాత్విక్ ఒక్కడి గురించే కాదు. రాజమండ్రి, కాకినాడ, ఏలూరు, భీమవరం గ్రౌండ్లలో పద్నాలుగేళ్ల పిల్లల గురించి కూడా ఇదే అంటారు. "వీడు బాగా ఆడతాడు గానీ మెతక." "ఓడితే ఏడుస్తాడు, వీడి వల్ల కాదు." మన ఇళ్లలో దీన్నే ఉర్దూలో "గుర్దా" లేదంటారు. ఒకసారి ఈ ముద్ర పడితే, పదో తరగతి దాటేసరికి పిల్లాడి కిట్ బ్యాగ్ అటక ఎక్కేస్తుంది.

మరి ఈ దమ్ము పుట్టుకతో వస్తుందా? కొట్టి, తిట్టి నేర్పిస్తే వస్తుందా? లేక ఏళ్ల తరబడి మెల్లగా తయారవుతుందా? తెలుగు నేల నుంచి ప్రపంచ స్థాయికి వెళ్లిన నలుగురైదుగురి రికార్డు చూస్తే జవాబు చాలావరకు స్పష్టంగానే ఉంది.

ఒకే జోడీ చేతిలో ఎనిమిది ఓటములు

సాత్విక్ 2000 ఆగస్టు 13న పుట్టాడు. తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడు, స్వయంగా బ్యాడ్మింటన్ ఆటగాడు. 2014లో సాత్విక్ కోనసీమ వదిలి హైదరాబాద్‌లోని గోపీచంద్ అకాడమీలో చేరాడు. మలేసియా కోచ్ టాన్ కిమ్ హెర్ అతన్ని చిరాగ్‌తో జత కలిపాడు. ఇద్దరూ వెనక నుంచి బలంగా కొట్టేవాళ్లే. నెట్ దగ్గర ఆడేదెవరు అనే అనుమానం అప్పట్లో చాలామందికి ఉండేది. కోచ్ మాత్రం జోడీని విడదీయలేదు.

ఆ తర్వాత దారి నల్లేరు మీద నడకేమీ కాదు. టోక్యో ఒలింపిక్స్‌లో గ్రూప్ దశలో మూడు మ్యాచ్‌ల్లో రెండు గెలిచారు. అందులో ఒకటి చివరికి స్వర్ణం గెలిచిన చైనీస్ తైపీ జోడీ మీద. అయినా గేమ్‌ల లెక్కలో వెనకబడి క్వార్టర్స్‌కు చేరకుండానే ఇంటికొచ్చారు. ఛాంపియన్లను ఓడించినవాళ్లే ముందు బయటపడ్డారు. దీన్ని దమ్ము లేకపోవడం అంటామా?

మలేసియా జోడీ ఆరోన్ చియా, సో వూయి యిక్ కథ ఇంకా ముఖ్యం. ఈ జంట చేతిలో సాత్విక్, చిరాగ్ వరసగా ఎనిమిది సార్లు ఓడిపోయారు. 2022 ప్రపంచ ఛాంపియన్‌షిప్ సెమీఫైనల్ కూడా అందులో ఉంది. తొమ్మిదోసారి ఎదురుపడింది 2023 జూన్‌లో, ఇండోనేసియా ఓపెన్ ఫైనల్‌లో. ఈసారి వరస గేముల్లో గెలిచారు. సూపర్ 1000 స్థాయి డబుల్స్ టైటిల్ గెలిచిన తొలి భారత జోడీ అయ్యారు. అదే ఏడాది ఆసియా ఛాంపియన్‌షిప్, ఆసియా క్రీడల స్వర్ణం, అక్టోబర్‌లో ప్రపంచ నంబర్ 1 ర్యాంకు. 565 కిలోమీటర్ల వేగంతో కొట్టిన స్మాష్‌కు గిన్నిస్ రికార్డు వచ్చిందీ ఆ ఏడాదే.

2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్స్‌లో మళ్లీ అదే మలేసియా జోడీ. మొదటి గేమ్ గెలిచి కూడా మ్యాచ్ పోగొట్టుకున్నారు. ఏడాది తర్వాత అదే నగరంలో, అదే హాల్లో, ప్రపంచ ఛాంపియన్‌షిప్ క్వార్టర్స్‌లో అదే జోడీని వరస గేముల్లో ఓడించి పతకం ఖాయం చేసుకున్నారు.

ఎనిమిదో ఓటమి రోజు ఎవరైనా ఈ జోడీని తూకం వేసి ఉంటే "వీళ్ల వల్ల కాదు" అనే రాసేవారు. ఆ తూకం తప్పయ్యేది. స్మాష్ వేగాన్ని మిషన్‌తో కొలవొచ్చు. మనిషి గట్టితనాన్ని ఒక్క రోజులో కొలిచే మిషన్ ఇంకా రాలేదు.

సింధు మీద కూడా ఇదే మాట

ఫైనల్‌లో ఓడిపోతారనే విమర్శ మనకు కొత్తేమీ కాదు. పి.వి. సింధు 2016లో రియో ఒలింపిక్స్ ఫైనల్ ఓడింది. 2017, 2018 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్స్ కూడా ఓడింది. 2017లో ఒకుహారాతో జరిగిన ఫైనల్ 110 నిమిషాలు సాగింది. "ఫైనల్ ఫోబియా" అని హెడ్డింగులు వచ్చాయి. 2019 ఆగస్టులో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో అదే ఒకుహారాను 21-7, 21-7 తేడాతో 38 నిమిషాల్లో ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయింది. రెండేళ్లలో సింధు పుట్టుక మారలేదు కదా. మారింది అనుభవం, ఒంటి సత్తువ, ప్రాక్టీస్.

ఇక్కడ అవతలి వాదన కూడా వినాలి. సింధు కోర్టులో మరీ నెమ్మదిగా ఉంటుందని, అందరి ముందు గట్టిగా అరిచేదాకా రాకెట్ ముట్టుకోవద్దని గోపీచంద్ పట్టుబట్టిన సంగతి అప్పట్లో పత్రికల్లో బాగానే వచ్చింది. రియోకు ముందు నెలల తరబడి ఫోన్ కూడా ఇవ్వలేదు. అంటే కఠినత్వం పనిచేసినట్టే కదా అని చాలామంది కోచ్‌లు, తండ్రులు ఈ ఉదాహరణే చెబుతారు.

నిజమే, క్రమశిక్షణ లేకుండా ఏ ఆటా రాదు. తెల్లవారుజామున లేవాలి, తిండి అదుపులో పెట్టుకోవాలి, ఫోన్ పక్కన పెట్టాలి. కానీ ఈ ఉదాహరణలో జనం మర్చిపోయే సగం ఒకటుంది. గోపీచంద్ సింధును చిన్న వయసు నుంచీ చూస్తున్నారు. ఆమె ఏ పని చేయగలదో తెలిసి ఒక పని అడిగారు. అడిగాక వదిలేయలేదు, ఏళ్ల తరబడి పక్కనే ఉన్నారు. ఓడినప్పుడూ ఆమె స్థానం ఆమెకే ఉంది. మన గ్రౌండ్లలో చాలాచోట్ల కఠినత్వం అంటే మొదటి సగమే కనిపిస్తుంది. తిట్టడం ఉంటుంది, తర్వాత పక్కన నిలబడేవాడు ఉండడు. దాన్ని శిక్షణ అనలేం. విద్యాహక్కు చట్టం 2009 బడిలో పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. బడి గ్రౌండ్ కూడా బడిలో భాగమే.

సిరాజ్: ఓర్చుకోవడం వేరు, నోరు మూసుకోవడం వేరు

హైదరాబాద్ ఆటో డ్రైవర్ కొడుకు మహమ్మద్ సిరాజ్ కథ మన ఇళ్లలో అందరికీ తెలుసు. కానీ ఆ కథలో వరసను మళ్లీ ఒకసారి చూడాలి.

రంజీలో అతని మొదటి మ్యాచ్ 2015లో, అప్పటికే వయసు 21. పద్నాలుగేళ్లకే అకాడమీలో చేరి ఎదిగిన కుర్రాడు కాదు, టెన్నిస్ బాల్ నుంచి వచ్చినవాడు. 2017లో ఐపీఎల్ వేలంలో 2.6 కోట్లు పలికాడు. ఆ తర్వాత రెండు సీజన్లు దెబ్బతిన్నాడు. 2019లో కోల్‌కతా మీద రెండు బీమర్లు వేయడంతో మధ్యలోనే బౌలింగ్ నుంచి తప్పించారు. వెళ్లి నాన్నతో పాటు ఆటో నడుపుకోమని జనం ఎగతాళి చేశారని సిరాజే తర్వాత చెప్పాడు. అయినా బెంగళూరు అతన్ని అట్టే పెట్టుకుంది. 2020 అక్టోబర్‌లో అదే కోల్‌కతా మీద 8 పరుగులకు 3 వికెట్లు తీశాడు. ఒకే ఐపీఎల్ మ్యాచ్‌లో రెండు మెయిడెన్లు వేసిన తొలి బౌలర్ అయ్యాడు.

నెల తిరిగేలోపే తండ్రి పోయారు. సిరాజ్ అప్పుడు ఆస్ట్రేలియాలో ఉన్నాడు. ఇంటికి వెళ్లే అవకాశం ఇచ్చినా అక్కడే ఉండిపోయాడు. డిసెంబర్ 26న మెల్‌బోర్న్‌లో తొలి టెస్టు ఆడాడు. సిరీస్ ముగిసేసరికి 13 వికెట్లతో భారత్ తరఫున అందరికంటే ముందున్నాడు. బ్రిస్బేన్‌లో 73 పరుగులకు 5 వికెట్లు అందులోవే.

ఈ కథలో సిడ్నీ టెస్టు దగ్గర కాస్త ఆగాలి. 2021 జనవరిలో అక్కడ బౌండరీ దగ్గర ఫీల్డింగ్ చేస్తున్న సిరాజ్‌ను కొందరు ప్రేక్షకులు దూషించారు. అతను నోరు మూసుకుని భరించలేదు. నేరుగా కెప్టెన్ రహానే దగ్గరికి వెళ్లి చెప్పాడు. ఆట ఆగింది, ఆరుగురిని స్టేడియం నుంచి బయటికి పంపారు, క్రికెట్ ఆస్ట్రేలియా క్షమాపణ చెప్పింది. సిరాజ్ మళ్లీ బంతి అందుకున్నాడు.

మన ఇళ్లలో పిల్లలకు "సబర్ కరో బేటా" అని చెబుతాం. మంచి మాటే. కానీ సబర్ అంటే అన్యాయాన్ని దాచిపెట్టమని కాదు. పిల్లాడు గ్రౌండ్‌లో తన పేరు మీద, మతం మీద, తండ్రి పని మీద ఎగతాళి విని ఇంటికొచ్చి చెబితే, "ఇంత మాత్రానికేనా, గట్టిగా ఉండు" అని పంపేయడం గట్టితనం నేర్పడం కాదు. ఇంకోసారి చెప్పొద్దని నేర్పడం. సిడ్నీలో చెప్పడమే దమ్ము. చెప్పాక తిరిగి ఆడటం ఇంకా పెద్ద దమ్ము.

2025 వేసవిలో ఇంగ్లండ్‌లోనూ ఇదే కనిపించింది. జులై 14న లార్డ్స్‌లో ఆఖరి బ్యాట్స్‌మన్‌గా సిరాజ్ దురదృష్టవశాత్తు బౌల్డ్ అయ్యాడు, భారత్ 22 పరుగులతో ఓడింది. ఓవల్‌లో 19 పరుగుల దగ్గర ఉన్న హ్యారీ బ్రూక్ క్యాచ్ పట్టి బౌండరీ తాడు మీద కాలేశాడు. బ్రూక్ సెంచరీ కొట్టాడు. ఆ రాత్రి ఎవరిని అడిగినా విలన్ సిరాజే. మర్నాడు, ఆగస్టు 4న, ఆఖరి వికెట్ కూడా తీసి భారత్‌ను 6 పరుగులతో గెలిపించాడు. ఐదు టెస్టులూ ఆడి, 185 ఓవర్లకు పైగా వేసి, 23 వికెట్లతో సిరీస్‌లో అగ్రస్థానంలో నిలిచాడు. ఆ తప్పు జరిగిన రోజే అతని లెక్క ముగించి ఉంటే ఈ మర్నాడు ఉండేదే కాదు.

ఆడపిల్లలకు రెండు పరీక్షలు

నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ 2011లో జూనియర్ ప్రపంచ ఛాంపియన్. సీనియర్ ప్రపంచ ఛాంపియన్ అయింది 2022 మేలో, ఇస్తాంబుల్‌లో. మధ్యలో పదకొండేళ్లు. అందులో 2017 భుజం గాయం, ఆపరేషన్. 2019 డిసెంబర్‌లో మేరీ కోమ్‌తో ట్రయల్ కావాలని బహిరంగంగా అడిగి, ఆడి, ఓడిపోవడం. షార్ట్స్ వేసుకుంటుందని బంధువుల్లో కొందరు అన్న మాటలను కుటుంబమే తర్వాత మీడియాకు చెప్పింది. అలాంటి వేళ తండ్రి వెనక్కి తగ్గలేదు.

2023లో ఢిల్లీలో మళ్లీ ప్రపంచ టైటిల్. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో సీడింగ్ లేక రెండో పోరులోనే చైనా బాక్సర్ వు యు ఎదురైంది. నిఖత్ ఓడింది, వు యు చివరికి స్వర్ణం గెలిచింది.

అబ్బాయి మొండిగా ఉంటే "దమ్మున్నోడు" అంటాం. అదే పని అమ్మాయి చేస్తే "మొండిది" అంటాం. ఆటలో ఆమె రింగ్‌లో ఉన్న ప్రత్యర్థితో ఒక పోరు, రింగ్ బయట మాటలతో ఇంకో పోరు చేయాలి. రెండో పోరులో ఇంటివాళ్లు ఆమె వైపు ఉంటే చాలు, సగం భారం తగ్గుతుంది.

ఆస్ట్రేలియాలోనూ ఇదే చర్చ

గట్టితనం మీద ఎప్పుడూ చర్చ నడిచే ఆట ఒకటి ఆస్ట్రేలియాలో ఉంది. దాని పేరు ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్. ఒళ్లు ఒళ్లు గుద్దుకునే ఆట. అక్కడి పెద్ద లీగ్ అయిన ఏఎఫ్ఎల్ క్లబ్బులు డ్రాఫ్ట్‌లో పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లను వరస పెట్టి ఎంచుకుంటాయి. ఎవరు గట్టివాడు, ఎవరు మెతక అని ఆ వయసులోనే తేల్చేస్తారు.

2013 డ్రాఫ్ట్‌లో మొదటి నంబర్‌గా ఎంపికైనవాడు టామ్ బాయిడ్. 2016 గ్రాండ్ ఫైనల్ గెలిచిన వెస్టర్న్ బుల్‌డాగ్స్ జట్టులో అతను కీలకం. 2019లో, 23 ఏళ్లకే, మానసిక ఒత్తిడి గురించి బాహాటంగా మాట్లాడి ఆట మానేశాడు. మిగిలిన కాంట్రాక్టు డబ్బు కూడా వదులుకున్నాడు. అందరికంటే ముందు ఎంపికైనవాడు ఇంత త్వరగా వెళ్లిపోయాడు.

అదే లీగ్‌లో బాచర్ హౌలీ కథ వేరు. లెబనాన్ మూలాలున్న ముస్లిం కుటుంబం నుంచి వచ్చాడు. 2007లో ఎసెండన్ తరఫున మొదలుపెట్టాడు, అక్కడ కుదురుకోలేదు. రిచ్‌మండ్‌కు మారాడు. నమాజ్, రోజా వదలకుండానే ఆడాడు. 2017, 2019, 2020లో ఛాంపియన్‌షిప్ గెలిచిన మూడు జట్లలోనూ ఉన్నాడు. తేడా ఎక్కడుంది? హౌలీ పుట్టుకతో ఉక్కు మనిషి, బాయిడ్ మెతక అనలేం. బాయిడ్ కూడా అతిపెద్ద మ్యాచ్‌లో నిలబడి గెలిచినవాడే. ఎవరికి ఎంత టైం దొరికింది, ఎంత బరువు ఎంత చిన్న వయసులో నెత్తిన పడింది అనేదే ఎక్కువ లెక్క.

ఇంకో సంగతి. తలకు దెబ్బ తగిలినా లేచి ఆడేవాడే మొనగాడని ఆ ఆటలో ఒకప్పుడు అనుకునేవారు. ఇప్పుడు అలా దెబ్బ తగిలితే కనీసం 12 రోజులు ఆడనివ్వరు. క్రికెట్‌లో 2019 నుంచి కంకషన్ సబ్‌స్టిట్యూట్ రూల్ ఉంది. నొప్పిని దాచడం గట్టితనం కాదని ప్రపంచ క్రీడారంగం ఒప్పుకుంది. మన గ్రౌండ్లకు ఆ కబురు ఇంకా పూర్తిగా చేరలేదు.

లెక్క కూడా చూడాలి

ఇంత చెప్పాక ఒక నిజం దాచకూడదు. మనకు కనిపించేది నిలబడి గెలిచినవాళ్లే. అంతే కష్టపడి, అంతే ఓర్చుకుని పైకి రాని పిల్లలు వేలల్లో ఉంటారు. "సిరాజ్ చూడు" అని చెప్పి పిల్లాడి చదువు ఆపించడం తెలివైన పని కాదు. వ్యాపారంలో డబ్బంతా ఒకే సరుకు మీద ఎవరూ పెట్టరు. పిల్లల విషయంలోనూ అంతే.

అలాగని పదో తరగతి కాగానే ఆట పూర్తిగా మాన్పించడం కూడా సరైన లెక్క కాదు. గోదావరి జిల్లాల్లో చాలామంది పిల్లల ఆట ఇంటర్ కాలేజీ గేటు దగ్గరే ఆగిపోతుంది. సరిగ్గా అదే వయసులో ఒళ్లు ఎదుగుతుంది, ఆట మారుతుంది. పద్నాలుగేళ్లకు పొట్టిగా, మెతకగా కనిపించిన పిల్లాడు పదిహేడుకు వేరే మనిషి. సబ్ జూనియర్ జట్లలో వయసు కటాఫ్‌కు దగ్గరగా పుట్టి, పది నెలలు పెద్దగా ఉన్న పిల్లలే బలంగా కనిపిస్తారని చాలా దేశాల్లో చాలా ఆటల్లో తేలింది. దాన్ని మనం టాలెంట్ అనుకుంటాం, దమ్ము అనుకుంటాం. చాలాసార్లు అది పుట్టిన నెల.

గుంటూరు జిల్లా కుర్రాడు షేక్ రషీద్‌ను చూడండి. 2022 అండర్-19 ప్రపంచ కప్‌లో వైస్ కెప్టెన్. మధ్యలో కోవిడ్ వచ్చి మ్యాచ్‌లు పోయాయి. తిరిగొచ్చి సెమీఫైనల్‌లో ఆస్ట్రేలియా మీద 94, ఫైనల్‌లో ఇంగ్లండ్ మీద 50 కొట్టాడు. 2023 సీజన్‌కు చెన్నై జట్టు తీసుకుంది. తుది జట్టులో మొదటి అవకాశం వచ్చింది 2025 ఏప్రిల్‌లో. మధ్యలో బెంచీ మీద కూర్చుని ప్రాక్టీస్ మానకుండా ఉండటం కూడా గట్టితనమే. దానికి చప్పట్లు కొట్టేవాళ్లు ఎవరూ ఉండరు, అంతే.

ఆటతో వచ్చే లాభం పతకం ఒక్కటే కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో కొత్త క్రీడా విధానం తెచ్చి ఉద్యోగాల్లో స్పోర్ట్స్ రిజర్వేషన్‌ను 2 శాతం నుంచి 3 శాతానికి పెంచింది. కాలేజీ సీట్లలోనూ స్పోర్ట్స్ కోటా ఉంది. పిల్లలు ఆడిన ప్రతి టోర్నీ సర్టిఫికెట్‌ను మార్కుల మెమోలతో పాటే భద్రంగా ఫైల్ చేసి పెట్టాలి. ఏ ఆటకు, ఏ స్థాయి టోర్నీకి గుర్తింపు ఉందో ముందే కనుక్కోవాలి. ఇవి తెలియకే చాలా కుటుంబాలు నష్టపోతాయి.

ఇంట్లో అడగాల్సిన ప్రశ్నలు

"మా వాడికి దమ్ముందా?" అని కోచ్‌ను అడిగే బదులు తల్లిదండ్రులు వేరే ప్రశ్నలు అడగాలి. ఓడిన మర్నాడు పిల్లాడు తనంతట తాను గ్రౌండ్‌కు వెళ్తున్నాడా? నిరుటి కంటే ఈ ఏడాది ఏం మెరుగైంది? దెబ్బ తగిలితే చెప్పగలుగుతున్నాడా, భయపడి దాస్తున్నాడా? కోచ్ తిట్టాక తప్పు ఎలా సరిచేసుకోవాలో చూపిస్తున్నాడా? జట్టులో చోటు పోతే మళ్లీ అడగడానికి దారి ఉందా?

ఏడవడం మీద కూడా ఒక మాట. ఓడిపోయి ఏడ్చే పిల్లాడికి ఆట మీద ప్రేమ ఉన్నట్టు. ఓడినా ఏమీ పట్టనివాడి గురించే కాస్త ఆలోచించాలి.

2025 ఫిబ్రవరిలో సాత్విక్ తండ్రి గుండెపోటుతో కన్నుమూశారు. కొడుకు ఖేల్ రత్న అందుకోవడం కళ్లారా చూడాల్సిన సమయంలో ఇది జరిగింది. మార్చిలో సాత్విక్ ఆల్ ఇంగ్లండ్ బరిలో దిగాడు. అక్కడ చిరాగ్‌కు వెన్ను నొప్పి రావడంతో మధ్యలోనే తప్పుకోవాల్సి వచ్చింది. ఆగస్టులో ప్రపంచ పతకం, సెప్టెంబర్‌లో ఆ రెండు ఫైనల్స్ దాని తర్వాతివే. అందరూ ఇంత త్వరగా తిరిగి రావాలని కాదు, ఎవరి దుఃఖం వాళ్లది. కానీ అన్నీ మీద పడిన ఏడాదిలో రెండు ఫైనల్స్ దాకా వెళ్లినవాడిని పట్టుకుని దమ్ము లేదనడం అన్యాయం.

గోదావరి గట్టు మీద కొబ్బరి మొక్క నాటినవాడు మర్నాడే కాయ కోసం పైకి చూడడు. కొన్నేళ్లు నీళ్లు పోస్తాడు, గాలివానకు ఒరిగితే కర్ర పాతి కడతాడు. పిల్లల ఆటలో ఆ కర్ర పాతే పని ఇంటివాళ్లది, కోచ్‌ది. పదో తరగతి ఫలితాలు వచ్చే రోజున కిట్ బ్యాగ్ అటక ఎక్కించే ముందు పిల్లాడితో, పిల్లతో ఒక్క గంట కూర్చుని మాట్లాడాలి. ఇంకా రెండేళ్లు ఆడే అవకాశం ఇస్తే చదువులో ఏం సర్దుకోవాలో కాగితం మీద రాసుకోవాలి. అప్పుడు తీసుకునే నిర్ణయం ఏదైనా, అది పిల్లల మీద ముద్ర వేసి కాకుండా వాళ్లతో కలిసి తీసుకున్న నిర్ణయం అవుతుంది.